గుండిగ మీద ఇంటిపేరు

మా ఇంటిపేరు ఏటిగట్ల. కొబ్బరి లౌజు అమ్ముకోవడానికి ఆ పేరుతోనే వెబ్‌సైటు పెట్టుకున్నాను. ఈ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఒక లాయరుగారు ఫోన్ చేశారు. అక్కడ అదే పేరుతో పచ్చళ్ల కంపెనీ ఉందట. ట్రేడ్‌మార్కు వాళ్లదట. అందుకని ఇంటర్నెట్‌లో ఆ పేరు నేను వాళ్లకు వదిలెయ్యాలట.

"అది మా ఇంటిపేరండీ," అన్నాను.

"ఎప్పటి నుంచి వాడుతున్నారు మేడమ్? ఆధారం ఉందా?"

స్పీకరులో వింటున్న మా అత్తగారు అటక మీది ఇత్తడి గుండిగ దింపించారు. అమలాపురంలో మా వీధిలో ఏ పెళ్లికైనా పప్పు ఉడికేది అందులోనే. దాని అంచు మీద మా మామగారి తాతగారి పేరు, ఇంటిపేరుతో సహా, చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను.

వెంటనే మళ్లీ ఫోన్. "ఇది గిన్నె కదా మేడమ్!"

ఈసారి అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "ఆయ్, గిన్నేనండి. వీధి వీధంతా పట్టుకెళ్లి వండుకున్నారు. ఇన్నేళ్లలో ఇది మాదేనని ఒక్కరూ అనలేదండి, తోమి మరీ తెచ్చిచ్చేరు. మీ కంపెనీవారింట్లో పెళ్లయితే మీకూ ఇస్తామండి. పేరుతో సహా వెనక్కి రావాలంతే."

అవతల ఫోన్ పెట్టేశారు.

కేసు వేస్తారేమో తెలీదు. వేస్తే గుండిగ ఎత్తుకునే కోర్టుకెళ్తాను. మీ అటకల మీద ఎవరి పేర్లున్నాయో చూసి చెప్పండి. పాతసామాన్లకు మాత్రం వెయ్యకండి, సాక్ష్యం కరిగిపోతుంది.