రెండు సెట్ల చక్రాలు

మంచు కురవని దేశంలో కారుకి చలికాలానికి ఒక సెట్టు, ఎండాకాలానికి ఒక సెట్టు చక్రాలు ఎందుకని మా హాస్పిటల్లో అందరూ నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను. మా ఆయనకి మాత్రం అది నవ్వులాట కాదు. ఆయన ఒమాన్లో, నిజ్వా అనే ఊళ్ళో ఒక టైర్ల షాపులో తొమ్మిదేళ్ళు పనిచేశారు.

నేను ఇబ్రిలో నర్సుని, కాన్పుల వార్డులో. మా ఇద్దరి మధ్యా గంటన్నర దారి. ఆయనకి షాపు వెనకే రూమ్ ఇచ్చారు, నాకు హాస్పిటల్ క్వార్టర్స్. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గాని, నాకు శుక్రవారం డ్యూటీ పడకపోతేనే కలుసుకునేది. మొదటి నాలుగేళ్ళూ ఎప్పుడూ ఆయనే బస్సులో వచ్చేవారు. గురువారం సాయంత్రం దిగి, శనివారం మధ్యాహ్నం మళ్ళీ బస్సెక్కేవారు. మా అమ్మాయి రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్ చేస్తే ముందు "నాన్న వచ్చారా?" అని అడిగేది, ఆ తరవాతే నా సంగతి.

నాకు లైసెన్సు నాలుగోసారికి వచ్చింది. ఊరు మారిపోతున్న ఒక డాక్టరుగారి దగ్గర పాత ఫోర్ వీల్ బండి కొన్నాను. తెల్లగా నిగనిగలాడుతుండేది. మొదటిసారి నేనే నడుపుకుంటూ నిజ్వా వెళ్ళి, షాపు ముందు ఆపి హారన్ కొట్టాను. ఆయన బయటికొచ్చి బండి వంక చూడలేదు, నా వంకా చూడలేదు. తిన్నగా ముందు చక్రం దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చుని టైరు మీద చెయ్యేశారు.

"ఈ టైర్ల మీదే వచ్చావా ఇబ్రి నుంచి?"

"ఏం, బానే ఉన్నాయి కదండీ? గళ్ళు కూడా అరగలేదు."

"ఇటు రా. ఈ నాలుగంకెలు చూడు. ముందు రెండూ ఏ వారమో, వెనక రెండూ ఏ సంవత్సరమో. ఇది తయారై ఏడేళ్ళు దాటింది. ఈ దేశంలో టైరు అరిగి పాడవదు, ఎండకి ఎండి పాడవుద్ది. పైకేమీ తెలీదు. నూట ఇరవైలో పోతుండగా పేలుద్ది."

ఆ టైర్ల మీద నన్ను తిరిగి పంపలేదు. నన్ను షాపులో కుర్చీలో కూర్చోబెట్టి, లోపలి నుంచి ఒక్కో టైరూ దొర్లించుకుంటూ తెచ్చి, అంకెలు చదివి, రెండింటిని వెనక్కి పంపించేసి, మళ్ళీ వేరేవి తెప్పించారు. మా వార్డులో మిగతా సిస్టర్ల కార్లకి పెద్ద పెద్ద మెరిసే రిమ్ములుండేవి. నాకూ అలాంటివే కావాలన్నాను.

"పెద్ద రిమ్ము వేస్తే టైరు పల్చనైపోద్ది. రోడ్డు మీద గుంతొస్తే ఆ దెబ్బ ఎవరికి తగులుద్దనుకున్నావ్?"

"అందరూ వేసుకుంటున్నారు కదా!"

"వాళ్ళ మొగుళ్ళెవరూ టైర్ల షాపులో పనిచెయ్యట్లేదు."

పక్కనే బోల్టులు బిగిస్తున్న హైదరాబాదు ఆయన పకపకా నవ్వాడు. ఆ షాపులో మా ఆయనతో పాటు మొదటి నుంచీ ఉన్న మనిషి అతను. నన్ను భాభీ అనేవాడు. నేను రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. చివరికి మామూలు ఇనప రిమ్ములే వేసుకున్నాను.

అవి ఎండాకాలం చక్రాలు. చలికాలానివి ఆ మరుసటి ఏడాది వచ్చాయి. ఒమాన్లో చలికాలమంటే ఇల్లు వదిలి బయట తిరిగే కాలం. నవంబరు నుంచి మార్చి దాకా మా చర్చివాళ్ళం రెండు మూడు కుటుంబాలు కలిసి, శుక్రవారం ప్రార్థనవగానే బిర్యానీ గిన్నెలు బళ్ళలో పెట్టుకుని ఇసక దిబ్బల్లోకో, కొండల మధ్య గులకరాళ్ళ వాగుల్లోకో వెళ్ళేవాళ్ళం. ఒకసారి మా బండి ఇసకలో దిగబడి, ఎవరో ఒమానీ పెద్దాయన తాడు కట్టి లాగితే గాని పైకి రాలేదు. ఆ తరవాత మా ఆయన పెద్ద గళ్ళున్న టైర్లు నాలుగు, వాటికి వేరే రిమ్ములూ ఎంచి తెచ్చారు. మరి ఏడాదంతా ఇవే ఉంచెయ్యొచ్చు కదా అంటే, "ఆ గళ్ళ టైరు జూన్లో హైవే మీద వేడెక్కిపోద్ది. వేసవంతా నువ్వు తిరిగేది హైవే మీదే కదా" అన్నారు.

ఇసకలోకి దిగే ముందు బండి ఆపి, నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించేవారు. ఆ గాలి బుస్సుమంటుంటే చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. షాపులో రోజంతా ఎవరి బళ్ళకో టైర్లేసే మనిషికి తన బండి నడుపుకోవడానికి దొరికేవి ఆ ఐదు నెలల శుక్రవారాలే. ఇసక దిబ్బ మీద నిలబడి ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ, "మనూర్లో గోదారి ఇసకలో సైకిల్ తొక్కలేక చచ్చేవాణ్ణి" అనేవారు. నాకు ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆ మాట అంటున్నప్పటి ముఖమే గుర్తొస్తుంది.

పోయినేడాది మార్చి ఆఖర్లో చక్రాలు మార్చే రోజు వచ్చింది. షాపుకి తీసుకొస్తానంటే ఎప్పుడూ ఒప్పుకునేవారు కాదు, మన బండి మన గుమ్మంలో మార్చుకోవాలనేవారు. క్వార్టర్స్ మెట్ల కింద దుప్పటి కప్పి ఉంచిన ఎండాకాలం చక్రాలు ఒక్కోటీ బయటికి దొర్లించారు. నాకు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. అన్నం వండి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. రెండు చక్రాలు మార్చి గోడ నీడలో కూర్చున్నారు. ఎప్పుడూ అలా మధ్యలో కూర్చునేవారు కాదు. మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. చొక్కా మొత్తం తడిసిపోయింది. ఎడమ భుజం నొక్కుకుంటున్నారు.

"ఏమైందండీ?"

"జాకీ తిప్పుతుంటే నరం పట్టేసినట్టుంది. ఎండ కూడా ఎక్కువైంది కదా."

నేను నర్సుని. పాతికేళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తున్నాను. యాభై రెండేళ్ళ షుగర్ మనిషి చెమటలు పట్టి ఎడమ భుజం నొక్కుకుంటుంటే ఏం చెయ్యాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ రోజు నేను చేసింది, అల్మరాలోంచి నొప్పుల మందు తెచ్చి భుజానికి రాయడం. "రెండింటికి డ్యూటీ ఉంది, త్వరగా కానివ్వండి" అనడం. ఆ మాట అన్నాను. అనలేదని ఎన్నిసార్లు అనుకోబోయినా లాభం లేదు, అన్నాను.

ఆయన లేచి మిగతా రెండూ మార్చారు. గాలి చూశారు. విప్పిన చక్రాలు కడిగి మెట్ల కింద పెట్టారు. నేను డ్యూటీకెళ్ళే దారిలో ఆయన్ని బస్సు దగ్గర దింపాను. దిగుతూ, "పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించు, బండి తిరిగొచ్చాక చూపించకు, మీటరు తప్పు చూపిద్ది" అన్నారు. సరేనన్నాను. వెనక బళ్ళవాళ్ళు హారన్ కొడుతుంటే బండి తీసేశాను.

సోమవారం పొద్దున వార్డులో ఇద్దరికి కాన్పులు. ఫోను లాకర్లో ఉంది. పదకొండింటికి టీ తాగుదామని తీసి చూస్తే హైదరాబాదు ఆయన నంబరు నుంచి తొమ్మిది కాల్స్. చేశాను.

"భాభీ, మీరు నిజ్వా రండి, జల్ది. భాయ్‌కి తబియత్ మంచిగ లేదు."

"ఏమైంది? ఎక్కడున్నారు?"

"హాస్పిటల్ల. మీరు రండి."

"ఏ వార్డు? కాజువాలిటీయా, పైకి మార్చారా? ఒకసారి డాక్టరుకి ఫోనివ్వండి."

"మీరు రండి భాభీ" అన్నాడు మళ్ళీ. మేము కూడా వార్డులో రోగుల బంధువులతో అలాగే మాట్లాడతాం. ఏమీ చెప్పం, రమ్మంటాం. నాకు అక్కడే అర్థం కావాల్సింది. కానీ లోపల ఇంకో మనిషి కూర్చుని, డ్రిప్ పెట్టి ఉంటారు, అందుకే మాట్లాడలేకపోతున్నారు అని చెబుతూ ఉంది. మా ఇన్‌చార్జి సిస్టర్ కేరళ ఆవిడ. నా భుజం పట్టుకుని నువ్వు నడపొద్దు, ఎవర్నైనా తోడిచ్చి పంపిస్తానంది. నేను ఆగలేదు.

ఆ గంటన్నరా బండి ఎలా నడిపానో తెలియదు. ఒక చోట ముల్లు నూట నలభై మీద ఉండటం చూశాను. ఇంత వేగం పోతున్నానని తెలిస్తే తిడతారనిపించింది. ఎండాకాలం చక్రాలు కావడంతో చప్పుడే లేదు, బండి మెత్తగా పోతోంది. ఆయన చేత్తో బిగించిన బోల్టులు కదా, ఏమీ కాదనే ధైర్యంతోనే తొక్కాను. వెళ్ళేసరికి ఆయన్ని మార్చురీకి తీసుకెళ్ళిపోయారు. పొద్దున పదింటికి ఎవరిదో పికప్‌కి టైరు ఎక్కిస్తూ, కాసిని నీళ్ళివ్వమని అడిగి, స్టూలు మీద కూర్చుని పక్కకి ఒరిగిపోయారట. నీళ్ళు తెచ్చేలోపే అయిపోయిందట.

కాగితాల పని నాలుగు రోజులు పట్టింది. ఆయన్ని ఇండియా తీసుకెళ్ళి, మా ఊళ్ళో చర్చి పక్కన సమాధి చేశాం. మా అమ్మాయి నన్ను పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అమ్మా, నాన్నకి ముందు ఏమీ అనిపించలేదా?" "లేదమ్మా" అన్నాను. కన్నకూతురికి అబద్ధం చెప్పాను. దాని చదువు ఇంకా రెండేళ్ళుంది. ముప్ఫై రోజుల సెలవు అయిపోగానే ఇబ్రి తిరిగొచ్చేశాను. నాకు ఏడుపు రాలేదు. వార్డులో అందరూ గుండె గట్టిదన్నారు.

నవంబరొచ్చింది. ఒక శనివారం హైదరాబాదు ఆయన చెప్పకుండానే నిజ్వా నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో స్పానరు.

"చలికాలం చక్రాలు మార్చి పోత భాభీ. భాయ్ ఉంటే మార్చేటోడు కదా."

మెట్ల కింద నుంచి ఒకటి బయటికి దొర్లించి, టైరు మీదికి వంగి అంకెలు చదివాడు. అలా వంగినవాడు ఎంతకీ లేవలేదు. చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఒక మాట చెప్తా, మీరు నన్ను తిట్టండి. రెండు నెల్ల సంది భాయ్‌కి ఛాతీల నొప్పి వస్తుండె. పని నడుమ కూసునేటోడు. దవాఖానకి పోదాం పా అన్న. భాభీకి చెప్తనన్న. వద్దని ఒట్టేయించుకున్నడు. ఆమెకి తెలిస్తే నన్ను ఇండియా పంపిస్తది, ఆమె ఒక్కతే అయిపోతది అన్నడు."

తిట్టాలనే అనిపించింది. అతన్ని కాదు, ఆయన్ని. నేను గుర్తుపట్టి ఉంటే నిజంగానే ఇంటికి పంపేసేదాన్ని. ఆ సంగతి ఆయనకి తెలుసు, నా ముందు భుజం పట్టేసిందని చెప్పి తప్పించుకున్నారు. అయినా నేను అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు. రోజుకి ఇరవై మందికి బీపీ చూసే చేతులతో ఆయనకి చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

"మీ తప్పేం లేదు" అన్నాను. అతన్ని లోపలికి పిలిచి అన్నం పెట్టాను. తినలేక తినలేక తిన్నాడు. ఆ పెద్ద గళ్ళ టైర్లు వెయ్యొద్దని, నాలుగూ నిజ్వా తీసుకెళ్ళిపొమ్మని చెప్పాను. ఇసకలో నడిపే మనిషి లేనప్పుడు అవి నాకెందుకు? చర్చివాళ్ళు ఆ చలికాలం రెండుసార్లు పిలిచారు, తమ బండిలో రమ్మన్నారు. డ్యూటీ ఉందన్నాను.

ఈమధ్య ముందు టైరు ఒకటి పక్కన చిన్నగా చీలింది. నిజ్వా వెళ్ళలేక ఇబ్రిలోనే ఒక షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నతను కడప మనిషి, నా మాట వినగానే తెలుగులోకి దిగాడు. లోపలి నుంచి ఒక టైరు తెప్పించాడు. నేను కింద కూర్చుని అంకెలు చదివి, పాతది వద్దు, వేరేది చూపించమన్నాను. రెండోది తెచ్చారు. అదీ వద్దన్నాను. మూడోది మొన్న చలికాలంలో తయారైంది.

"బాగా తెల్సే మీకు!" అన్నాడతను. "సరే అక్కా, మీకు ఎండకాలానికి రోడ్డుది కావల్లా, చలికాలానికి ఇసకది కావల్లా?"

జవాబు చెప్పబోయాను. ఏడాది నుంచీ రాని ఏడుపు, అక్కడ, ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ మధ్య, పట్టపగలు వచ్చింది. టైరు మీద చెయ్యి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. యూనిఫాంలో ఉన్న నర్సు అలా ఏడుస్తుంటే పాపం వాళ్ళు హడలిపోయారు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఆ కడప ఆయన ఫ్యాను నా వైపు తిప్పి, నేను ఆపేదాకా పక్కనే నిలబడ్డాడు.

కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి చెప్పాను.

"ఏడాదంతా ఒక్కటే సెట్టు. రోడ్డు మీద తప్ప ఎక్కడికీ వెళ్ళను."

అతను తలూపి బండి కింద జాకీ పెట్టాడు. రెండింటికి నాకు డ్యూటీ ఉంది.