మంచివాళ్ళు ముందు పోతారన్న మాట

పిల్లలకు మానసిక చికిత్స చేయడం నేర్చుకునే రోజుల్లో విజయవాడలో మా మేడం పర్యవేక్షణలో పనిచేసేవాణ్ణి. ఆట గదిలో పిల్లలతో జరిగిందంతా వారం వారం ఆవిడకు చెప్పాలి. హేతువాద సభల్లో వాదించి ఆరితేరిన నా నోటికి ఆవిడ మొదటిరోజే తాళం వేశారు.

"మీ వాదన పెద్దవాళ్ళతో పెట్టుకోండి. లోపల పిల్లలు చెప్పేది వినండి."

కంకిపాడు నుంచి ఎనిమిదేళ్ళ పాపను తల్లి తీసుకొచ్చేది. తండ్రి అంతకుముందు ఏడాది గుండెపోటుతో పోయాడు. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి పెంకిగా తయారైంది. బళ్ళో తోటిపిల్లల్ని కొరకడం, ఇంట్లో తల్లి చూస్తుండగానే పాలు ఒలకబోయడం. ఇంకొక్క ఫిర్యాదు వస్తే టీసీ ఇచ్చేస్తామని స్కూలువాళ్ళు చెప్పేశారు. తండ్రి లేని పిల్లను ఏమంటానండీ అని తల్లి పల్లెత్తు మాట అనేది కాదు.

ఒకరోజు పాప ఓ బొమ్మకు శ్రద్ధగా తల దువ్వి, ఇది చాలా మంచిదని చెప్పి, వెంటనే దాన్ని బీరువా వెనక్కి తోసేసింది. ఎందుకని అడిగాను.

"మంచోళ్ళనే దేవుడు ముందు తీసుకెళ్తాడంట కదా. నాన్న పోయినప్పుడు అందరూ అన్నారు."

చావింటికి వచ్చిన ప్రతివాళ్ళూ అనే మాటే అది. వేదికలెక్కి దాన్ని ఎన్నిసార్లో చీల్చి చెండాడాను. కానీ ఒక పిల్ల దాన్ని పూర్తిగా నమ్మి, తప్పించుకునే దారి ఇంత తర్కబద్ధంగా వెతుక్కుంటుందని ఊహించలేదు. దేవుడు లేడని చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది. ఆపుకుని, అందుకేనా అల్లరి అన్నాను.

"నేను చేస్తన్నాగా. అమ్మే మారట్లేదు. ఎన్ని పాలు ఒలకబోసినా తిట్టదు. మంచిగానే ఉంటది."

మేడంకి చెప్పి, పాపకు నేనే అంతా విడమర్చి చెబుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. భయం తల్లి గురించి కాబట్టి చెప్పాల్సింది తల్లేనని, ముందు పాపను అడిగి ఆమెను లోపలికి పిలవమని అన్నారు.

పై వారం పాప సరేనన్నాక పిలిచాను. పాప ముందే సంగతి ఆ తల్లికి చెప్పాను. ఆమె కూతురి పక్కన నేలమీద కూర్చుని, నాన్న మంచివాడైనందుకు పోలేదని, గుండెకు జబ్బు చేసి పోయాడని నెమ్మదిగా చెప్పింది. పాప ఏడవలేదు, రుజువు అడిగింది.

"మరి నీ గుండె చూపించుకున్నావా?"

తల్లి నావైపు చూసింది. చూపించుకోలేదు.

ఆ తర్వాతి వారం ఆలస్యంగా వచ్చారు. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చారట. డాక్టరు ఏమన్నాడో తల్లి చెప్పేలోపే పాప అందుకుంది.

"బాగానే ఉందంట. ఇయ్యాల లేటయ్యాం గానీ, ఆడుకోడానికి టైముందాండీ?"