ఫినాయిల్ గారు తుడిచేసిన జాడ

ఆఫీసులో ఆయన్ని అందరూ ఫినాయిల్ గారు అనేవాళ్ళు. ఎదురుగా అన్నా కోపం తెచ్చుకునేవాడు కాదు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. పొద్దున్నే కీబోర్డులు తిరగేసి దులపడం, బల్ల మీద కప్పు మరక పెట్టినవాళ్ళ చేతే దాన్ని తుడిపించడం ఆయనకు నిత్యకృత్యం. సైన్యానికి సరుకులు మోసే ఒక చిన్న లారీ కంపెనీలో కంప్యూటర్లన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. అల్లుణ్ణి కూడా అక్కడే డ్రైవరుగా చేర్పించాడు. "నా కళ్ళముందే ఉంటాడులేవే" అని కూతురికి ధైర్యం చెప్పాడు. లారీ తోలేవాడు ఎవరి కళ్ళముందు ఉంటాడో ఆయనకే తెలియాలి.

ఒకరోజు బిల్లులు చూసే అమ్మాయి, సైన్యం సరఫరా ఆఫీసు పేరుతో వచ్చిన మెయిల్ తెరిచింది. అది దొంగ మెయిల్. అప్పట్నుంచి కంపెనీకి వచ్చే మెయిళ్ళలో కొన్ని ఊరూ పేరూ లేని ఎవరికో చేరుతూ వచ్చాయి. ఏ లారీ ఏ దారిన ఎప్పుడు వెళ్తుందో ఉండేది ఆ మెయిళ్ళలోనే. ఆ సంగతి కనిపెట్టింది ఫినాయిల్ గారే.

ఇలాంటిది జరిగితే కంప్యూటర్ని ముట్టుకోకుండా వెంటనే సరఫరా ఆఫీసుకు చెప్పాలని రూలు. ఆయనకది తెలుసు. కానీ ఇంట్లో దొంగలు పడితే పోలీసులొచ్చేలోపు ఇల్లు కడిగి పెట్టే మనిషాయన. చేతులు ఊరుకోలేదు. కుర్చీలోంచి లేవకుండా కంప్యూటర్లలో ఉన్నదంతా మొదలంటా తుడిచేసి, ప్రోగ్రాములు మళ్ళీ కొత్తగా ఎక్కించి, అప్పుడు వెళ్ళాడు ఓనరు గదికి.

"అంతా శుభ్రం చేసేశావుగా?" అన్నాడు ఓనరు.

"చేశానండీ. పైవాళ్ళకి చెప్పాలి కదండీ మరి."

"చెబితే కాంట్రాక్టు ఊడుతుంది. నువ్వూ నేనూ రోడ్డున పడతాం. పోయిన దొంగని పిలిచి మరీ పంచాయితీ ఎందుకయ్యా?"

ఫినాయిల్ గారు తలూపి బయటికొచ్చాడు. ఆయనంటే ఒళ్ళు మండేది ఇక్కడే. అందరి మరకలూ ఎత్తిచూపే మనిషి, ఆరోజంతా నోరు మెదపలేదు.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఈయన్ని రేపు వంతెన దారిలో పంపుతున్నారట. మొన్నే కదా ట్రిప్పు నుంచి తిరిగొచ్చింది! ఇంకెవరూ దొరకలేదా?"

అప్పుడు కదిలాయి ఆయన కాళ్ళు. ఆఫీసు వెనక గోడౌన్ పక్కకు వెళ్ళి సరఫరా ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల ఒక అధికారిణి జరిగిందంతా ఓపిగ్గా విన్నది.

"వాళ్ళు ఏ దారి వివరాలు చూశారు?"

"అది... కంప్యూటర్లు తుడిచేశానమ్మా."

అవతల గబగబా కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. "రేపు మీ లారీలు రెండు దారుల్లో వెళ్ళాలి, వంతెన మీద ఒకటి, కొండ మీద ఒకటి. అవతల శిబిరంలో గాయాలతో ఉన్నవాళ్ళకి మందులు అందాలి. రెండూ ఆపలేను. కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి, వాళ్ళు చూసింది ఏ దారి?"

ఆయన గుర్తు తెచ్చుకోబోయాడు. దొంగల చేతికి పోయినవాటిలో కొండ దారి మెయిల్ కనిపించినట్టే ఉంది. వంతెనది కూడా ఉందేమో. ఏది పోయిందో, ఏది పోలేదో సరిగ్గా చూడకుండానే తుడిచాడాయె.

"వంతెన దారి," అన్నాడు.

అల్లుడి లారీని ఆపేశారు. కొండ దారిలో వెళ్ళిన లారీ కోసం ఎవరో ముందే కాపు కాశారు. అది తిరిగి రాలేదు. దాన్ని నడిపినాయన కంపెనీలో అందరికన్నా పాత డ్రైవరు. అల్లుడికి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే.

కాంట్రాక్టు మాత్రం ఊడలేదు. జరిగింది తానే చెప్పించానని ఓనరు పైవాళ్ళ దగ్గర గొప్పలు పోయాడు. అల్లుడు "మామయ్యా, మీ వల్లే బతికాను" అని కాళ్ళకు దండం పెట్టబోతే, ఫినాయిల్ గారు చటుక్కున పక్కకు జరిగాడు. ఆరోజు నుంచి ఆయనకు ఒకటే ప్రశ్న. ఆ అధికారిణితో అబద్ధం చెప్పాడా, నిజంగా అలాగే అనుకున్నాడా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. తేల్చగలిగిన ఒక్క ఆధారాన్నీ తన చేతులతోనే లేకుండా చేసుకున్నాడు.

పాత డ్రైవరు భార్య భర్త సామాన్లు తీసుకెళ్ళడానికి ఆఫీసుకొచ్చింది. సంచీ సర్దుకుని, నేరుగా ఆయన బల్ల దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"మీరు ధైర్యంగా చెప్పబట్టి కానీ, లేకపోతే రెండు లారీలూ పోయేవట కదా అన్నయ్యా. ఆ కుర్రాడైనా మిగిలాడు."

ఫినాయిల్ గారు లేచి నిలబడ్డాడు. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"అవునమ్మా," అన్నాడు.