చెప్పని సాక్ష్యం

తెల్లదొరల కాలం. క్రిస్మస్ మరునాడు హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో ఉన్నాను. పెనుకొండలో ఒక నడివయసు ఆమె భర్తను చెయ్యి పట్టి ఎక్కించి, నా ఎదురుగా కూర్చోబెట్టింది. ఆయన ఎడమకన్ను పోయింది. కనుబొమ మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

వాళ్ల వెనకే ఎక్కిన ఒక పెద్దమనిషి, తెల్లపంచె కట్టుకున్నాయన, ఆమెను చూడగానే మందలించాడు.

"ఏమ్మా, చర్చిలో పాదిరిగారు ప్రసంగిస్తాంటే లేచి అరుస్తావా? ఈపొద్దు స్తెఫను పండగ. రాళ్లేసి చంపుతాన్యా, వాళ్లను క్షమించమని దేవుణ్ణి వేడుకున్న హతసాక్షి ఆయన!"

ఆమె గొంతు రైలుపెట్టె అంతా వినబడింది.

"సాక్షి అంటాండావు గదా సామీ! ఊరిబావిలో నీళ్లు చేదినాడని ఈయప్పను రాళ్లతో కొడతాంటే, మీ పాదిరి ఆడే నిలబడి చూస్తాన్యాడు. పోలీసులకు ఆ మాట చెప్పయ్యా అంటే, క్షమించండమ్మా అన్యాడు. క్షమించాల్సింది ఈయప్ప. సాక్ష్యం చెప్పాల్సింది ఆయన. ఎప్పుడో చచ్చిపోయినాయనకు ఈపొద్దు కండ్లనీళ్లు పెట్టుకుంటే సరిపాయనా?"

పెద్దమనిషి ఆమెను వదిలి భర్త వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పప్పా, క్షమించేది తప్పా?"

ఆయన ధర్మవరంలో దిగేటప్పుడు తలుపు దగ్గర ఆగి, మెల్లగా అన్నాడు.

"రాళ్లేసినోళ్లను నేను ఆపొద్దే క్షమించినా సామీ. వాళ్లే మమ్మల్ని ఇంగా బావి కాడికి రానీలేదు."

నేనూ క్రైస్తవుణ్ణే. ఆ తర్వాత ఏ పాదిరి క్షమ గురించి ప్రసంగించినా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.