యాప్‌లో మగ్గం బొమ్మ

ఆదివారం వాకిట్లో బండి చప్పుడైతే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మాది ఎమ్మిగనూరు, చేతిమగ్గం మీద చీరలు నేస్తాం. ఆదోనిలో ఓ బట్టల షాపుకు యాప్ చేస్తున్న మా చిన్నాన్న కొడుకు హరి, ప్రతి ఆదివారం బండి మీద వచ్చి నా పని గురించి అడిగి, తయారైనంత వరకు చూపించేవాడు.

"మగ్గానికి పడుగు దారాలు ఎక్కించినాక అంచు రంగు మార్చలేమప్పా, కొనేవాళ్లను ముందే అడగాల" అని నేనంటే, మళ్లీ వారానికి సరిచేసి తెచ్చేవాడు. అందులో షాపువాళ్లకొక బొమ్మ, కొనేవాళ్లకొకటి, నేసేవాళ్లకు మగ్గం బొమ్మ. ఎవరి బొమ్మ నొక్కితే వాళ్ల పని కనబడేది.

యాప్ ప్రారంభం రోజు సంబరంగా ఆదోని వెళ్లాను. తెరిచి చూస్తే మగ్గం బొమ్మ లేదు.

"మాది యాడప్పా?"

"ఓనరు తీసేయమనినాడక్కా. ఆర్డర్లన్నీ ఇంక పవర్‌లూమ్‌కే పోతాయంట."

ఆ బొమ్మ రంగు మార్చాలన్నా నన్నడిగిన తమ్ముడు, దాన్ని తీసేసేటప్పుడు ఒక్క మాట అడగలేదు.