చాచా దుకాణం ముందటి బండ

జనగామలో మా వీధి దర్జీ దుకాణం ముందున్న మోరీ బండను తెలంగాణ ఉద్యమం రోజుల్లో పోలీసు వ్యాను పగలగొట్టిందని చాలామంది చెప్తారు. నమ్మే చెప్తారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ మాట మొదట అన్నది నేను. ఆ వీధిలోకి పోలీసు వ్యాను ఎన్నడూ రాలేదు. వచ్చినా మలుపు దగ్గరే ఇరుక్కుపోయేది.

మా వీధికి ఫుట్‌పాత్ అంటూ వేరే ఏమీ ఉండేది కాదు. రోడ్డు పక్కన మురికి కాలువ. దాన్నే మేం మోరీ అంటాం. దాని మీద బండలు, ఆ బండల మీద జనం. కాలువ మున్సిపాలిటీ కట్టించింది. మూత మాత్రం ఎవరి దుకాణం ముందు వాళ్లు వేసుకోవాలి. అలాగని ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ వేసుకున్నారు. అందుకే మా వీధిలో నడవడమంటే ఎక్కడం, దిగడం. బట్టల దుకాణం ముందు నున్నటి నల్లబండ, వాన పడితే జారేది. మిఠాయి దుకాణం ముందు రెండు సిమెంటు పలకలు, వాటిలో ఒకటి ఊగేది. నాది పుస్తకాల దుకాణం. నా ముందు పలుచటి షాబాదు బండ. నా పక్కన దర్జీ చాచా. వీధి మొత్తంలో మందమైన బండ ఆయనదే. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, కాలు తడబడకూడదని ఏరి తెప్పించాడు.

ఒకరోజు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నిరసనగా నడిరోడ్డు మీద వండుకుని అక్కడే తినడం. మా వీధి కమిటీ వంతు కిచిడీ, పొయ్యి ఏర్పాటు నాది. రోడ్డుకు కొత్తగా తారు వేశారు. నేరుగా దాని మీద మంట పెడితే తారు కరిగి వంట గంజు ఒరుగుతుంది. కింద బండ పరచాలి. నేను వీధికి వచ్చి చూశాను. నా బండ వేడికి ఆగదు. చాచాది ఆగుతుంది. ఆయన దుకాణం మూసి ఉంది. అడగాలంటే దూరం కూడా లేదు, ఆయన చౌరస్తాలోనే కూర్చుని మా కిచిడీకి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కాదంటాడేమోనని అడగలేదు. వంటావార్పుకు పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరిని పట్టుకుని, బండ లేపి, తోపుడు బండి మీద తెచ్చాను. మంట వేశాక అది ఎవరి బండో గుర్తుపట్టేట్టు లేదు.

కిచిడీ బాగా కుదిరింది. చాచా రెండోసారి పెట్టించుకున్నాడు. అంతా అయ్యాక మంట ఆర్పడానికి నేను బిందెడు నీళ్లు గుమ్మరించాను. బండ టప్పుమంది. నడిమికి పగిలింది కానీ విడిపోలేదు. సాయంత్రం దాన్ని జాగ్రత్తగా తెచ్చి, మసి వైపు కిందికి పెట్టి, మోరీ మీద పరిచాము. పైకి ఏమీ తెలియలేదు. పొద్దున వేరే బండ తెచ్చి వేద్దామనుకున్నాను.

పొద్దున చాచా నాకంటే ముందు వచ్చాడు. షట్టరు లేపడానికి ఒంగేసరికి బండ రెండు ముక్కలై కుడికాలు మోరీలోకి పోయింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆయన మిషను తొక్కేది ఆ కాలితోనే.

ఆయన దవాఖాన నుంచి కట్టుతో తిరిగొచ్చేసరికి వీధిలో పంచాయితీ నడుస్తోంది. కొత్త బండ ఎవరు వేయించాలి? మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఒకాయన వెంటనే తేల్చాడు.

"మోరీ మాది, బండ మీది. మోరీ మంచిగనే ఉన్నది గద?"

చాచాకు దుకాణం కిరాయికిచ్చిన ఇంటాయన గడప మీద నిలబడ్డాడు. "గీ గడప లోపల ఏది ఇరిగినా నా జిమ్మెదారి. గడప దాటితే సర్కారుది."

"నడిచేది అందరం గదనే, తలా ఇంత ఏసుకుందాం," అన్నాడు మిఠాయి దుకాణం అన్న.

"ముందుగాల నీ ముందట ఊగే పలక సంగతి జూడు," అన్నాడు బట్టల దుకాణం ఆయన. "నడిచేటోళ్లందరు ఇయ్యాలంటే, బస్సు దిగి అచ్చినోళ్ల తాన గూడ వసూలు జేస్తవా?"

"అది గాదు, గంత మందం బండ ఊకెనే ఎట్ల ఇరిగింది?" అన్నాడు ఇంటాయన.

అందరూ మోరీలోకి తొంగి చూశారు. ముక్కలు నల్లటి నీళ్లలో ఉన్నాయి.

"రాత్రి పోలీసు వ్యాను ఎక్కింది," అన్నాను. "నేను జూసిన."

పంచాయితీ అక్కడితో ఆగింది. అట్లయితే వాళ్లనే అడగండని మున్సిపాలిటీ ఆయన వెళ్లిపోయాడు. ఇంటాయన లోపలికి పోయాడు. పోలీసులు పగలగొట్టిన దానికి మనమెందుకు పెట్టాలని తక్కినవాళ్లు చందా మాట మానేశారు. కమిటీ వాళ్లు చాచాకు అరటిపండ్లు తెచ్చి, దండ వేసి ఫోటో తీయించారు. కనీసం మోరీ మీది ఆ ఖాళీ మూసేద్దామని ఎవరో అంటే వద్దన్నాను. అది సాక్ష్యమన్నాను. రాష్ట్రం వస్తే మొదటి బండ ఇక్కడే పడుతుందని మైకులో కూడా చెప్పాను.

చాచా నన్ను ఒక్కసారే అడిగాడు.

"తమ్మీ, నేను కాలు వెట్టినంకనే ఇరిగింది. వ్యాను ఎక్కితే రాత్రే ఇరగాలె గద?"

"రాత్రి పగులు వట్టింది చాచా."

"గట్లనా," అన్నాడు.

మోరీ మీద ఆయన ఒక చెక్క వేసుకున్నాడు. ఆడవాళ్లు చెక్కను చూసి, కింది నీళ్లను చూసి, పక్క వీధి దర్జీ దగ్గరికి పోయారు. కాలు అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. రాష్ట్రం రాకముందే చాచా దుకాణం ఖాళీ చేశాడు. ఇంటి దగ్గర మిషనుకు మోటారు పెట్టించుకుని ప్యాంట్ల అంచులు కుట్టడం మొదలుపెట్టాడు. చెక్కను కూడా వెంట తీసుకుపోయాడు. రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో సర్కారు ఖర్చుతో మా వీధికి సిమెంటు ఫుట్‌పాత్ కూడా వచ్చింది. అన్ని దుకాణాల ముందూ ఒకే ఎత్తు. చాచా దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఈమధ్య ఉద్యమ జ్ఞాపకాల సభలో నాకు శాలువా కప్పి, పోలీసు వ్యాను సంగతి చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ శాలువాతోనే, ఇంటికి పోకుండా, చాచా ఇంటికి పోయి జరిగింది మొత్తం చెప్పాను.

ఆయన మిషను ఆపాడు. "అంటే గా కిచిడీ కింద ఉన్నది నా బండనా?"

"అవును చాచా."

"రెండుసార్లు వెట్టించుకున్న గదరా!"

నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు.

"గా పొద్దుగాలనే చెప్తే నీకేం బోతుండె? చెప్తే నువ్వే ఏపిస్తుంటివి, అయిపోతుండె. నా గిరాకీ నాకుంటుండె."

ఆయన ఇంటి ముందు మోరీకి మూత లేదు, పాత చెక్కే ఉంది. దానికైనా బండ వేయిస్తానన్నాను. చాచా ప్యాంటు అంచు సరిచూసుకున్నాడు.

"మందంది ఎయ్యి," అన్నాడు.

ఏరి తెచ్చి వేయించాను. చెక్కను మోరీ మీదే కొంచెం పక్కకు జరిపించాను. చాచా గడపలో నిలబడి చూశాడు.

"నువ్వు నిలవడు."

నిలబడ్డాను.

"దుంకు."

దుంకాను. పక్కింటి అవ్వ బయటికి వచ్చింది. "ఏందిరా, గీయనకేమైంది?"

"బండ జూస్తున్నడు," అన్నాడు చాచా. "ఇంకోసారి."

మళ్లీ దుంకాను. బండ కదల్లేదు. చాచా తల ఊపాడు. చెప్పులు వేసుకుని, చెక్క మీదుగా మోరీ దాటి, బజారుకు పోయాడు.