ఒలిచిన ఓడ

కళ్లజోళ్ల దుకాణంలో అందరూ స్క్రూ అక్క అని పిలిచే ఆవిడ ఓడను, ఆవిడ బావగారు, అంటే భర్తకు స్వయానా అన్నగారు, బఠాణీలు ఒలిచినట్టు ఒలిచేశారు.

ఓడంటే నీళ్లమీద తిరిగేది కాదు. డబ్బాలో ప్లాస్టిక్ చట్రాలుగా వచ్చే బొమ్మ ఓడ. చట్రాలకు ఫిరంగులు, కిటికీలు, కమ్మీలు సన్నటి కాడలతో వేలాడుతుంటాయి. పక్కనే అంకె ఉంటుంది. అంకె చూసుకుని, కాడ కోసి, అతికించుకోవాలి. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇది పాడైతే మరొకటి దొరకదు.

బావగారు పైపులు బిగించే మేస్త్రీ. తమ్ముణ్ణి చూడ్డానికొచ్చారు. తమ్ముడు స్నానంలో ఉంటే, ఊరికే కూర్చోలేక, బల్లమీది చట్రాలన్నీ చేత్తో మెలిపెట్టి తుంచి ముక్కలు గిన్నెలో పోశారు. అక్క పని నుంచి రాగానే గర్వంగా చూపించారు.

"నీకు సగం పని తగ్గించానమ్మా!"

"చట్రాలేవి బావగారూ?"

"చెత్తబండి వస్తే వేసేశా. ఇల్లన్నాక శుభ్రంగా ఉండొద్దూ?"

అంకెలన్నీ చెత్తబండెక్కి ఊరేగుతూ వెళ్లిపోయాయన్నమాట. గిన్నెలో ఓడ అంచు కమ్మీ ఒకటి మూడు ముక్కలై పడుంది. మనిషిని ముంచేవాళ్లలో శత్రువులకంటే సాయం చేసేవాళ్లే ఎక్కువ. శత్రువునైతే నోరారా తిట్టుకోవచ్చు. భర్త అన్నగారిని ఏమని తిడుతుంది?

"పోనీలే, అన్నయ్య సాయం చేద్దామనే కదా," అన్నాడు మొగుడు తల తుడుచుకుంటూ. అక్క చూసిన చూపుకి ఆ తల దానంతటదే ఆరిపోయింది.

ఆవిడ బావగారికి కాఫీ ఇచ్చి, గిన్నె, డబ్బాతో వచ్చిన ఓడ పటం ఆయన ముందు పెట్టింది.

"ఒలిచింది మీరే కదండీ. ఏది ఎక్కడిదో మీరే చెప్పాలి."

ఆ రోజు మొదలు ప్రతి ఆదివారం ఆయన హాజరు. ఫిరంగిని పట్టుకుని "ఇది కుళాయి" అనేవారు.

"ఓడకి కుళాయెందుకు బావగారూ?"

"మరి వాళ్లు మొహాలు కడుక్కోవద్దూ?"

నవ్వితే కోపం కాస్తా పోతుందని అక్క పెదవి కొరుక్కునేది. ముక్కలు మెల్లగా చోట్లు చేరాయి. కమ్మీ కూడా అతికింది, కాస్త వంకరగా.

ఇక తెరచాప కొయ్యలను పట్టి ఉంచే నిచ్చెనలు మిగిలాయి. ఆ చట్రమొక్కటే, డబ్బా అడుగున ఉండి, బావగారి కంటపడకుండా బతికిపోయింది. నిచ్చెనలు వెంట్రుకంత సన్నం. అవి విరిగితే కొయ్యలు నిలబడవు, ఓడ పని అంతే.

"ఇవి నన్ను కొయ్యనీ తల్లీ," అన్నారు బావగారు.

అక్క ఆయన వేళ్లవంకా, నిచ్చెనలవంకా చూసింది. అయినా చిన్న కటింగ్ ప్లేయరు ఆయన చేతికిచ్చింది.

"నిచ్చెనను ఆనుకుని కొయ్యకండి, అదురుకి విరుగుతుంది. ముందు కాడను దూరంగా కొయ్యండి. మిగిలిన మొండిని తర్వాత కొంచెం కొంచెంగా తీద్దాం."

పైపులు తిప్పే ఆ చేతులు ప్లేయరును పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. టక్కుమన్నప్పుడల్లా ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. తెరిస్తే నిచ్చెన నిచ్చెనలాగే ఉంది. చివరిది ఊడి రాగానే బావగారు "హమ్మయ్య!" అంటూ బల్ల చరచబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసుకున్నారు. అప్పుడు నవ్వింది అక్క.

ఓడ ఇప్పుడు దుకాణం అద్దాల బీరువాలో ఉంది, వంకర కమ్మీ గోడవైపుకి. మొన్న బావగారు కళ్లజోడు బిగింపించుకోవడానికి వచ్చారు. ఆయనా ఓ విమానం డబ్బా కొనుక్కున్నారట. భార్యను ఆ గదిలోకి చీపురుతో రానివ్వడం లేదట.

"చక్రాలు మరీ చిన్నవమ్మా. ఒక్కసారి వచ్చి చూడకూడదూ?"

అక్క స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి, కళ్లజోడు ఆయన చేతిలో పెట్టింది.

"వద్దు బావగారూ. వస్తే సాయం చెయ్యాలనిపిస్తుంది."